మందుల తరగతులు: ఏ మాత్ర ఏ పని చేస్తుంది, ఎవరికి ఎందుకు ఇస్తారు

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. మీ నాన్నగారికి 68 ఏళ్లు. రక్తపోటు, మధుమేహం ఉన్నాయి. మూడేళ్ల కిందట గుండె రక్తనాళంలో స్టెంటు వేశారు. టెల్మిసార్టాన్‌తో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర, ఆమ్లోడిపిన్, అటోర్వాస్టాటిన్, ఆస్పిరిన్ 75, మెట్‌ఫార్మిన్, పాంటోప్రజోల్, రాత్రిపూట అమిట్రిప్టిలిన్ 10, మొత్తం ఏడు మాత్రలు రోజూ వేసుకుంటున్నారు. మోకాళ్ల నొప్పి ఎక్కువైనప్పుడు డైక్లోఫెనాక్ తానే కొనుక్కుంటున్నారు. మీరు ఒక్కొక్క పేరూ వెతికి చూస్తే అమిట్రిప్టిలిన్ మానసిక కుంగుబాటుకు ఇచ్చే మందని కనిపించింది. ఆయనకు కుంగుబాటు లేదు కనుక డాక్టరుగారు పొరపాటు పడ్డారేమోనని మీ అనుమానం. ఏ తరగతి మందు దేనికి వాడతారో వివరంగా చెప్పమన్నారు.

నేను డాక్టరును కాను, ఫార్మసిస్టును. మందుల చీటీలు చదవడం, వాటిలో ఒకదానితో ఒకటి పొసగని మందులుంటే పట్టుకోవడం చాలా ఏళ్లుగా నా పని. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీరు అనుమానించిన మందు గురించి నాకు పెద్దగా బెంగ లేదు. మీరు మాటవరసకు చెప్పి వదిలేసిన డైక్లోఫెనాక్ గురించే బెంగ. దాని సంగతి తరువాత చెబుతాను. ఈలోగా డాక్టరుగారి చీటీలో ఉన్న ఏ మాత్రనూ మీ అంతట మీరు ఆపించకండి.

మందు తరగతి అనేది ఆ మందు ఒంట్లో చేసే పనిని బట్టి ఏర్పడుతుంది. ఆ పని నాలుగు జబ్బుల్లో పనికివస్తే నాలుగింటికీ అదే మందు ఇస్తారు. అందువల్ల మాత్ర పేరు చూసి జబ్బు పేరు చెప్పబోతే తరచూ తప్పే వస్తుంది. ఇక పేర్ల విషయం. అట్ట మీద రెండు పేర్లు ఉంటాయి: ఒకటి కంపెనీ పెట్టుకున్న పేరు; రెండవది మందు అసలు పేరు. వెతకవలసింది రెండవదాన్నే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1950లో తీర్మానం చేసి, 1953లో మొదటి జాబితా వెలువరించినప్పటి నుంచి ఈ అసలు పేర్లకు ఒక పద్ధతి ఉంది. ఒక తరగతికి చెందిన మందుల పేర్లకు సాధారణంగా ఒకే తోక ఉంటుంది. టెల్మిసార్టాన్, లోసార్టాన్ ఒక గుంపు. ఎనలాప్రిల్, రామిప్రిల్ ఒక గుంపు. అటెనొలాల్, మెటొప్రొలాల్ మరొకటి. అయితే తోకను పూర్తిగా చదవాలి. ఒమిప్రజోల్ ఆమ్లాన్ని తగ్గిస్తుంది, ఫ్లుకొనజోల్ శిలీంధ్రాలను అణచివేస్తుంది, మెట్రొనిడజోల్ అమీబా మీదా కొన్ని రకాల బాక్టీరియా మీదా పనిచేస్తుంది, ఆల్బెండజోల్ కడుపులోని నులిపురుగులను చంపుతుంది. చివర ‘జోల్’ ఉన్నదని నాలుగింటినీ ఒక గాటన కట్టలేం. నిస్టాటిన్ అయితే మరీ తమాషా. పేరు చూస్తే కొలెస్టరాల్ మందులా ఉంటుంది గాని అది శిలీంధ్రాల మందు; న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య శాఖ ప్రయోగశాలలో కనుగొన్నందువల్ల ఆ రాష్ట్రం పేరు మీదుగా దానికి ఆ పేరు వచ్చింది.

ఇప్పుడు మీ నాన్నగారి చీటీలో మొదటి మాత్ర. రక్తపోటు తగ్గినట్టు మూత్రపిండాలకు తోచినప్పుడు అవి రెనిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. దానివల్ల మొదలయ్యే వరుస మార్పుల చివర యాంజియోటెన్సిన్-2 తయారై రక్తనాళాలను బిగిస్తుంది, ఒంట్లో ఉప్పును, నీటిని నిలిపి ఉంచుతుంది. ‘ప్రిల్’ మందులు దాన్ని తయారు కానివ్వవు. ‘సార్టాన్’ మందులు తయారైనదాన్ని దాని గ్రాహకానికి, అంటే కణం మీద అది తగులుకునే చోటుకు, అతుక్కోనివ్వవు. ప్రిల్ మందుల్లో మొదటిదైన కాప్టోప్రిల్‌కు దారి చూపింది బ్రెజిల్‌లో ఉండే ఒక రక్తపింజర జాతి పాము విషం మీద జరిగిన పరిశోధన; ఆ మందు 1981లో వాడుకలోకి వచ్చింది. రెండు తరగతుల ఫలితమూ దాదాపు ఒకటే అయినా, ప్రిల్ మందులు వాడేవారిలో కొందరికి పొడి దగ్గు పట్టుకుని వదలదు. ఎనలాప్రిల్ వేసుకుంటూ, దగ్గు తగ్గడం లేదని సీసాల మీద సీసాలు దగ్గు మందు తాగినవారిని నేను ఎందరినో చూశాను. దగ్గుకు కారణం ఉదయం వేసుకునే బీపీ మాత్రేనని తెలిసి, దాన్ని సార్టాన్‌కు మార్చిన కొద్ది వారాల్లో దగ్గు పోయింది. మధుమేహం ఉన్నవారికి మూత్రంలో ప్రొటీన్ పోవడాన్ని ఈ రెండు తరగతులూ తగ్గిస్తాయి కనుక మూత్రపిండాల రక్షణ కోసం కూడా వీటిని ఇస్తారు. గుండె బలహీనపడినవారికీ ఇస్తారు. గర్భిణులకు మాత్రం ఇవ్వకూడదు; కడుపులోని బిడ్డ మూత్రపిండాలు దెబ్బతింటాయి. రక్తంలో పొటాషియం పెరిగే అవకాశం ఉన్నందువల్ల అప్పుడప్పుడు పరీక్ష చేయించాలి.

అదే మాత్రలో కలిసి ఉన్న హైడ్రోక్లోరోథయజైడ్ మూత్రం ద్వారా ఉప్పును, నీటిని బయటికి పంపే మందు. దీనివల్ల సోడియం, పొటాషియం తగ్గవచ్చు, యూరిక్ ఆమ్లం పెరగవచ్చు. ఇదే కోవలో ఫ్యూరోసెమైడ్ మరింత బలమైనది. గుండె వైఫల్యంలో కాళ్లకు, ఊపిరితిత్తులకు నీరు చేరినప్పుడు వాడతారు. ఆమ్లోడిపిన్ రక్తనాళాల గోడల్లోని కండరంలోకి కాల్షియం పోనివ్వకుండా వాటిని వదులు చేస్తుంది. దీన్ని వాడేవారిలో కొందరికి సాయంత్రానికి చీలమండలు వాస్తాయి. ఆ వాపు ఒంట్లో నీరు ఎక్కువై వచ్చేది కాదు. సన్నటి రక్తనాళాల నుంచి ద్రవం చుట్టుపక్కల కణజాలంలోకి ఊరడం వల్ల వచ్చేది. కనుక నీటి మాత్ర కలిపితే అది పెద్దగా తగ్గదు. మందు మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో చేయాలి.

బీటా బ్లాకర్లు మీ చీటీలో లేవు గాని, స్టెంటు వేసినవారి చీటీల్లో తరచూ కనిపిస్తాయి కనుక చెప్పాలి. గుండె మీద అడ్రినలిన్ ప్రభావాన్ని ఇవి అడ్డుకుంటాయి. గుండె నెమ్మదిగా, తక్కువ శ్రమతో కొట్టుకుంటుంది. ఛాతీనొప్పికి, గుండెపోటు తరువాతి రక్షణకు, గుండె దడకు వాడతారు. ఈ తరగతిలో పేరొందిన ప్రొప్రనొలాల్‌ను 1960లలో రూపొందించిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే ప్రొప్రనొలాల్‌ను పార్శ్వపు నొప్పి రాకుండా ఉండడానికి, చేతుల వణుకుకు, థైరాయిడ్ ఎక్కువైనప్పుడు కలిగే దడకు కూడా ఇస్తారు. అంటే, రక్తపోటు లేనివారి చేతిలో కూడా బీపీ మాత్ర ఉండవచ్చు. దీనికి సరిగ్గా ఎదురు దిక్కున పనిచేసేది ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్. అది శ్వాసనాళాల్లోని బీటా గ్రాహకాలను ప్రేరేపించి నాళాలను విప్పుతుంది. ప్రొప్రనొలాల్ అవే గ్రాహకాలను మూసివేస్తుంది. ఉబ్బసం ఉన్న మనిషి వణుకు తగ్గుతుందని పక్కవారి ప్రొప్రనొలాల్ మాత్ర తీసి వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

అటోర్వాస్టాటిన్ కాలేయంలో కొలెస్టరాల్ తయారీని తగ్గిస్తుంది. అక్కడ కొరత ఏర్పడగానే కాలేయం రక్తంలోని చెడు కొలెస్టరాల్‌ను లాక్కోవడం మొదలుపెడుతుంది. ‘కొలెస్టరాల్ నార్మల్‌కు వచ్చింది కదా, ఇంక మాత్ర ఎందుకు’ అని చాలామంది అడుగుతారు. నార్మల్‌గా ఉన్నది ఆ మాత్ర వల్లే. పైగా స్టెంటు వేసినవారికి దీన్ని ఇచ్చేది పరీక్ష కాగితం మీది అంకె కోసం కాదు, మరొకసారి గుండెపోటు రాకుండా ఉండడం కోసం. కారణం లేకుండా కండరాల నొప్పులు ఎక్కువైతే, ముఖ్యంగా మూత్రం ముదురు రంగులో వస్తే, వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఆస్పిరిన్ 75 మిల్లీగ్రాముల మోతాదులో నొప్పి మందు కాదు. దీన్ని ‘రక్తం పలచబడే మాత్ర’ అంటారు గాని, నిజానికి రక్తం పలచబడదు. రక్త ఫలకికలు (ప్లేట్‌లెట్లు) ఒకదానికొకటి అంటుకోవడం తగ్గుతుంది. ఫలకికకు కేంద్రకం ఉండదు కనుక ఆస్పిరిన్ పాడుచేసిన ఎంజైమును అది మళ్లీ తయారు చేసుకోలేదు. బతికినంతకాలం, అంటే వారం పది రోజులు, అలాగే ఉంటుంది. అందుకే రోజుకు ఒక్క చిన్న మాత్ర సరిపోతుంది. శస్త్రచికిత్సకు ముందు ఆపవలసి వస్తే కొన్ని రోజుల ముందే ఆపుతారు. క్లోపిడోగ్రెల్ కూడా ఫలకికల మీద పనిచేసేదే. వార్ఫరిన్ తరగతి వేరు. అది విటమిన్-కె పనిని అడ్డుకుని, గడ్డకట్టించే పదార్థాలను తగ్గిస్తుంది. గుండె లయ తప్పినవారికి, లోహపు కవాటం అమర్చినవారికి ఇస్తారు. దానికి క్రమంగా రక్తపరీక్ష తప్పదు. స్టెంటు ఉన్న మనిషి గుండె వైద్యుణ్ణి అడగకుండా ఆస్పిరిన్ ఆపకూడదు. పన్ను పీకించుకోవడానికైనా సరే, ముందు అడగాలి.

మెట్‌ఫార్మిన్ కాలేయం నుంచి రక్తంలోకి వచ్చే గ్లూకోజును తగ్గిస్తుంది. ఒంటరిగా వాడితే సాధారణంగా షుగరు మరీ పడిపోదు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటివి అలా కాదు. అవి క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయించే మందులు కనుక మాత్ర వేసుకుని భోజనం మానేస్తే చెమటలు పట్టి, కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. మెట్‌ఫార్మిన్‌ను ఏళ్ల తరబడి వాడేవారిలో విటమిన్ బి12 తగ్గవచ్చు. దానివల్ల వచ్చే తిమ్మిర్లను కూడా మధుమేహం ఖాతాలో వేసి ఊరుకుంటారు. మీ నాన్నగారికి ఆ పరీక్ష చేయించారో లేదో అడగండి. డాపాగ్లిఫ్లోజిన్ వంటి ‘గ్లిఫ్లోజిన్’ మందులు షుగరును మూత్రం ద్వారా బయటికి పంపుతాయి. ఇప్పుడు వీటిని మధుమేహం లేకపోయినా గుండె వైఫల్యానికి, మూత్రపిండాల జబ్బుకు ఇస్తున్నారు. జబ్బు పేరుతో మందును గుర్తుపెట్టుకుంటే ఎక్కడ పొరబడతామో చెప్పడానికి ఇదొక మంచి ఉదాహరణ.

పాంటోప్రజోల్‌ను అందరూ ‘గ్యాస్ మాత్ర’ అంటారు. కడుపులో గాలికీ దానికీ సంబంధం లేదు. జీర్ణాశయంలో ఆమ్లం ఊరించే పంపులను అది మూసివేస్తుంది. అయితే పనిచేస్తున్న పంపులను మాత్రమే మూయగలదు. ఆ పంపులు భోజనంతో మేలుకుంటాయి. అందుకే తినడానికి అరగంట ముందు వేసుకోమంటారు. తిన్న తరువాత వేసుకుంటే సగం ప్రయోజనం పోయినట్టే. ఫామోటిడిన్ హిస్టమిన్ గ్రాహకాన్ని అడ్డుకుని ఆమ్లాన్ని తగ్గిస్తుంది. యాంటాసిడ్ ద్రవాలు అప్పటికే ఊరిన ఆమ్లాన్ని తటస్థం చేస్తాయి. తక్షణ ఉపశమనానికి ద్రవం, పుండు మానడానికి పాంటోప్రజోల్. మీ నాన్నగారి విషయంలో మంట లేకపోయినా దీన్ని ఇచ్చింది ఆస్పిరిన్ వల్ల కడుపులో పుండు పడకుండా కాపాడడానికే అయి ఉంటుంది.

ఇక మీరు భయపడిన అమిట్రిప్టిలిన్. ఇది కుంగుబాటుకు వచ్చిన పాత మందే. కాని కుంగుబాటుకు సాధారణంగా 75 మిల్లీగ్రాములు, అంతకు మించి కావాలి. 10 మిల్లీగ్రాములు ఆ పనికి సాధారణంగా చాలవు. ఆ చిన్న మోతాదులో అది నొప్పి సంకేతాలను తగ్గిస్తుంది. మధుమేహం వల్ల నరాలు దెబ్బతిని రాత్రిపూట అరికాళ్లు మండేవారికి, పార్శ్వపు నొప్పి తరచూ వచ్చేవారికి ఇస్తారు. మీ నాన్నగారికి పాదాల మంటలు ఉన్నాయా అని ఒకసారి అడిగి చూడండి. ఉన్నాయంటారని నా అంచనా. మూర్ఛ మందులుగా మొదలైన గాబాపెంటిన్, ప్రీగాబలిన్ కూడా నేడు ఎక్కువగా నరాల నొప్పికే వాడుతున్నారు. అమిట్రిప్టిలిన్‌తో జాగ్రత్తపడవలసింది వేరే విషయాల్లో: నోరు ఎండిపోవడం, మలబద్ధకం, ప్రొస్టేట్ గ్రంథి వాచిన పెద్దవారిలో మూత్రం ఆగిపోవడం, రాత్రి లేచినప్పుడు తూలి పడిపోవడం.

కుంగుబాటుకు ఇప్పుడు మొదట ఇచ్చేవి సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ వంటివి. ఇవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. వీటిని, డయజెపామ్, ఆల్ప్రజొలామ్ వంటి మత్తు మాత్రలను జనం ఒకే గంపలో వేస్తారు, అది సరికాదు. అలవాటుగా మారి, రోజురోజుకూ ఎక్కువ మోతాదు కోరేవి రెండవ రకం. అలాగని వాడకం సాగుతున్న మాత్రను, ఈ రెంటిలో దేన్నైనా సరే, ఒక్కసారిగా ఆపకూడదు.

ఇప్పుడు డైక్లోఫెనాక్. ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ కూడా దీని అన్నదమ్ములే. ఒంట్లో నొప్పికి, వాపుకు కారణమయ్యే ప్రొస్టాగ్లాండిన్లు అనే పదార్థాల తయారీని ఆపి వాటిని తగ్గిస్తాయి. ఆస్పిరిన్ కూడా పనిచేసేది ఇలాగేనని కనుగొన్న జాన్ వేన్‌కు 1982 నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. చిక్కేమిటంటే అవే ప్రొస్టాగ్లాండిన్లు కడుపు లోపలి పొరను కాపాడుతాయి, మూత్రపిండాలకు రక్తం తెచ్చే నాళాన్ని తెరచి ఉంచుతాయి. మీ నాన్నగారి స్థితిని ఆలోచించండి. మూత్రపిండంలోని వడపోతకు రక్తం తెచ్చే నాళాన్ని డైక్లోఫెనాక్ ఇరుకు చేస్తుంది. ఆ వడపోత నుంచి రక్తం బయటికి వెళ్లే నాళాన్ని టెల్మిసార్టాన్ వదులు చేస్తుంది. హైడ్రోక్లోరోథయజైడ్ ఒంట్లోని నీటినే తగ్గిస్తుంది. మూడూ కలిస్తే వడపోతకు కావలసిన ఒత్తిడి పడిపోతుంది. విరేచనాలో, వాంతులో పట్టుకున్న రోజున మూత్రపిండాలు హఠాత్తుగా చతికిలబడవచ్చు. అవి దెబ్బతింటే మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుపోతుంది. ఇది చాలదన్నట్టు డైక్లోఫెనాక్ గుండెపోటు అవకాశాన్ని పెంచుతుంది, రక్తపోటు మందులను బలహీనపరుస్తుంది, ఆస్పిరిన్‌తో కలిసి కడుపులో రక్తస్రావానికి దారితీస్తుంది. చీటీ లేకుండా వేసుకునే ఒక్క మాత్ర చీటీలో ఉన్న నాలుగింటిని చెడగొడుతోంది.

దానికి బదులు నొప్పికి పారాసెటమాల్ ఎక్కువమందికి సురక్షితం. అది జ్వరాన్ని, నొప్పిని తగ్గిస్తుంది గాని వాపును పెద్దగా తగ్గించదు. పెద్దవారికి రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు. బరువు తక్కువ ఉన్నవారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి ఇంకా తక్కువ. జలుబు మాత్రల్లో చాలావాటిలో పారాసెటమాల్ దాగి ఉంటుంది. ఒకచోట జలుబుకు, మరొకచోట జ్వరానికి వేసుకుంటూ తెలియకుండానే రెట్టింపు మోతాదు మింగుతారు. కాలేయం దెబ్బతిన్న సంగతి మొదటి రోజు పైకి కనిపించదు. మోకాలికి పైపూతగా రాసే డైక్లోఫెనాక్ జెల్ నుంచి రక్తంలోకి చేరేది చాలా తక్కువ కనుక, అది వాడవచ్చునేమో డాక్టరుగారిని అడగండి.

మీ చీటీలో లేని మరి కొన్ని తరగతుల గురించి వేగంగా చెబుతాను. యాంటీబయాటిక్‌లు బాక్టీరియా మీదే పనిచేస్తాయి. అమాక్సిసిలిన్ వంటి పెనిసిలిన్లు బాక్టీరియా చుట్టూ ఉండే గోడను కట్టనివ్వవు. మన కణాలకు ఆ గోడే లేదు కనుక మనకు హాని తక్కువ. వైరస్‌కూ ఆ గోడ లేదు. అందుకే జలుబుకు, ఫ్లూకు యాంటీబయాటిక్ వేసుకోవడం శుద్ధ దండగ. సిప్రోఫ్లోక్సాసిన్ వంటివి స్నాయువులను దెబ్బతీయగలవు. డాక్సీసైక్లిన్ మాత్ర గొంతు దిగువన ఆగితే అక్కడ పుండు పడుతుంది కనుక నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని, వెంటనే పడుకోకూడదు.

ఎలర్జీకి వాడే క్లోర్‌ఫెనిరమిన్ మెదడులోకి చేరి నిద్ర తెప్పిస్తుంది. సెటిరిజిన్, లొరాటడిన్, ఫెక్సోఫెనడిన్ అంతగా చేరవు. ముక్కు దిబ్బడకు వేసే జైలోమెటజొలిన్ చుక్కలను వారం దాటి వాడితే ఆ చుక్కల వల్లే ముక్కు మళ్లీ మూసుకుపోతుంది. ఉబ్బసంలో సాల్బుటమాల్ తక్షణం ఊపిరి ఆడనిస్తుంది గాని లోపలి వాపును తగ్గించదు. ఆ పని బ్యుడెసొనైడ్ వంటి పీల్చే స్టిరాయిడ్‌ది. పీల్చిన తరువాత నోరు పుక్కిలించకపోతే నోటిలో శిలీంధ్రాల వల్ల తెల్లటి పూత రావచ్చు. మాత్రగా ఇచ్చే స్టిరాయిడ్ ప్రెడ్నిసొలోన్‌ను కొన్ని వారాలు వాడితే అడ్రినల్ గ్రంథులు తమ సొంత స్టిరాయిడ్ తయారీని తగ్గించుకుంటాయి. అప్పుడు ఉన్నట్టుండి ఆపితే శరీరానికి ఆధారం ఉండదు కనుక మెట్లు దిగినట్టు తగ్గిస్తారు. థైరాయిడ్ తక్కువైనవారికి ఇచ్చే థైరాక్సిన్ పరగడుపున వేసుకోవాలి; ఐరన్, కాల్షియం మాత్రలకూ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి.

కీళ్లవాతం ఉన్న బంధువులెవరైనా మీకు ఉంటే ఒక్క మందు గురించి తప్పక చెప్పండి. క్యాన్సర్‌కు కూడా వాడే మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే ఇస్తారు. తక్కిన మాత్రలతో కలిపి దాన్ని రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. వారంలో ఏ రోజు వేసుకోవాలో ఆ రోజు పేరు అట్ట మీదే రాసిపెట్టాలి.

ఈసారి డాక్టరుగారి దగ్గరికి వెళ్లినప్పుడు ఏడు అట్టలతోపాటు డైక్లోఫెనాక్ అట్టను కూడా తీసుకువెళ్లి బల్ల మీద పెట్టండి. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, సోడియం, పొటాషియం, బి12 పరీక్షలు చివరిసారి ఎప్పుడు చేయించారో చూపండి. అమిట్రిప్టిలిన్ పాదాల మంటలకేనా అని నేరుగా అడగండి. ఆయనకు ప్రొస్టేట్ ఇబ్బంది ఏదైనా ఉంటే ఆ మాట కూడా అప్పుడే చెప్పండి. ఈలోగా నొప్పి మళ్లీ వస్తే డైక్లోఫెనాక్ కొననివ్వకండి. నల్లటి విరేచనం అయినా, మూత్రం బాగా తగ్గినా అపాయింట్‌మెంటు తేదీ కోసం చూడకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లండి.